మా ఇంటి సరంగు

మా ఇల్లు ఇల్లు కాదని, పడవ అని ప్రభుత్వం వారు తేల్చిన రోజున నేను పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, అది పొంగి మంట ఆరిపోయి, గ్యాసు ఇంటినిండా కమ్ముకుని, మేం ముగ్గురం, మా అమ్మాయి లోవ కడుపులో ఉన్న నాలుగో ప్రాణీ ఏమైపోతామోనని పొయ్యిని కాపలా కాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఏడో తరగతి దాకా చదివాను. ఎనిమిదో తరగతి బడి కాలవ అవతల ఉంది. వంతెన మీంచి పడిపోతానని నేనే మానేశాను. మా ఆయన ధనరాజు వేటకి వెళితే తిరిగొచ్చేదాకా భయం, వచ్చాక ఇసకలో గాజుపెంకు గుచ్చుకుంటుందని భయం. నన్ను చూసి దిబ్బలమొగలో అందరూ నవ్వేవాళ్ళు. కానీ నా భయాల్లో ఒక్కటి మాత్రం నిజమై కూచుంది. సముద్రం వస్తుంది అన్నాను. వచ్చింది. ముందు సరుగుడు తోటని తీసుకుంది, తరవాత చేపలు ఎండబెట్టే దిబ్బని, తరవాత మా పెరడుని, కిందటేడు మా వంటగదిని. మిగిలిన ఒక్క గదిలో గోడకి చెవి పెట్టి పడుకునేదాన్ని.

అలాంటప్పుడు మా లోవకుమారికి నెల తప్పింది. అల్లుడు గుజరాతు బోట్ల మీద ఉన్నాడు. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా జరగాలి. కూతుర్ని తీసుకొద్దామంటే ముందు పుట్టిల్లంటూ ఒకటి ఉండాలి. నా దిగులంతా అదే. బిడ్డ పుట్టే నాటికి నా పిల్ల నెత్తి మీద ఒక కప్పు ఉండాలి. అంతకు మించి నేను ఎవర్నీ ఏమీ అడగలేదు.

అడక్కుండానే ప్రభుత్వం వారు ఇచ్చారు. పథకం పేరు తరంగ నిలయం. పట్నం నుంచి ఇళ్ళ నమూనాలు గీసే నివేదిత మేడమ్ గారు వచ్చి, తుఫాను షెల్టర్లో మమ్మల్ని కూచోబెట్టి, నీలం రంగు టబ్బులో నీళ్ళు పోయించి, అందులో అట్టతో చేసిన చిన్న ఇల్లు వదిలారు. ఇల్లు తేలింది. మేడమ్ గారు నీళ్ళు పోసేకొద్దీ పైకి లేచింది.

"నీరు మన శత్రువు కాదు. నీరు మన అతిథి," అన్నారు మేడమ్ గారు. "వచ్చినప్పుడు లేచి నిలబడి గౌరవించే ఇల్లు ఇది."

"అతిథైతే కాళ్ళు కడుక్కుంటాడు గానీ గోడలు కడిగేసుకుని పోతాడేటి?" అంది మా పక్కింటి గరగమ్మ వదిన. అందరూ నవ్వారు. మేడమ్ గారు కూడా నవ్వారు.

ఇంటి అడుగున వరసగా గాలి నింపిన ప్లాస్టిక్ పీపాలు. నాలుగు మూలలా భూమిలోకి దిగేసిన నాలుగు ఇనప స్తంభాలు. నీళ్ళొస్తే ఇల్లు స్తంభాల వెంట పైకి లేస్తుంది, నీళ్ళు తీస్తే కిందికి దిగుతుంది. పక్కకి మాత్రం పోదు. నేను చెయ్యెత్తాను.

"మేడమ్, ఇల్లు లేచినప్పుడు దొడ్డి గొట్టం భూమిలోనే ఉండిపోద్ది కదండీ. అప్పుడు లోపల కూచున్నోళ్ళ గతేటండీ?"

మేడమ్ గారు పక్కనే ఉన్న ఇళ్ళ శాఖ ఇంజినీరు ఫణికుమార్ గారి వైపు తిరిగి, "ఇది చాలా విలువైన సామాజిక స్పందన. మినిట్స్‌లో నమోదు చేయండి," అన్నారు. ఆయన నమోదు చేశారు. ఆ స్పందన ఇప్పటికీ మినిట్స్‌లోనే ఉంది.

నిజం చెప్పాలి, ఇళ్ళు బాగానే కట్టారు. నలభై ఒకటి, ఒకే వరసలో, సముద్రం వైపు మొహం పెట్టి. పట్టాలన్నీ ఆడవాళ్ళ పేరునే ఇచ్చారు. మాది పదిహేడోది. పీపాలు మూడుసార్లు లెక్కపెట్టుకుని, మంచిరోజు చూసి చేరి, ఎనిమిదో నెలలో లోవని తెచ్చుకున్నాను. వారం రోజులు గోడకి చెవి పెట్టకుండా పడుకున్నాను. ఎనిమిదో రోజున ఫణికుమార్ గారు వచ్చారు.

"కాసులమ్మ గారూ, చిన్న సాంకేతిక సవరణ," అన్నారు గుమ్మంలో నిలబడి. "సముద్రానికి ఇంత దగ్గరగా ఇల్లు కట్టడం నిషిద్ధం. తీర పరిరక్షణ కమిటీ వారు ఆక్షేపణ లేవనెత్తారు. ఇల్లయితే తొలగించాలి. అయితే సదరు నిర్మాణం నీటిపై తేలును గనుక పడవ నిర్వచనం కిందికి వస్తుందని మా శాఖ సానుకూలంగా అభిప్రాయపడింది. సముద్రం పక్కన పడవ ఉండకూడదని ఎవరూ అనలేరు కదా."

"దూరంగా కట్టేస్తే సరిపోద్ది కదా బాబూ?"

"దూరంగా కడితే తేలాల్సిన అవసరం ఉండదు. తేలకపోతే ఈ పథకం కిందికి రాదు."

నాకు తలనొప్పి వచ్చింది. ఆయన నా మొహం చూసి జాలిపడ్డారు. "కాగితం మీదే పడవ అమ్మా. మీకేమీ తేడా ఉండదు."

మీకేమీ తేడా ఉండదు అని ఎవరైనా అంటే నాకు భయం రెట్టింపవుతుంది. ఆసుపత్రిలో సూది వేసే ముందు కూడా అలాగే అంటారు. ఆయన వెంట వచ్చిన పెయింటరు మా గోడ మీద పడవలకి వేసినట్టే పెద్ద పెద్ద అక్షరాలతో నంబరు వేసి, తడి ఆరకుండా ముట్టుకోవద్దని చెప్పి పక్క పడవకి వెళ్ళిపోయాడు.

ఆ తడి ఆరకముందే మా కులపెద్ద తాతబ్బాయి మామ అటుగా వచ్చాడు. డెబ్భై దాటినా గాలి మారితే ముందు ఆయన ముక్కుకే తెలుస్తుంది. ఊళ్ళో పెళ్ళి, తగువు, కొత్త వల దింపడం, ఏదైనా ఆయన మాట మీదే నడుస్తుంది. గోడ ముందు ఆగి, అక్షరాలు వేలితో చూపించాడు.

"ఇదేటమ్మీ, గోడకి నంబరేసేరు?"

"గవుర్మెంటోళ్ళు పడవని రాసేరు మామా. ఉత్త కాగితం మీదేనంట."

"కాగితం మీద పడవ ఒకటి, నీళ్ళ మీద పడవ ఒకటీ ఉంటాయేటి? పడవంటే పడవే. దిగు."

మా దగ్గర ఆడది పడవ ఎక్కదు. వేట నుంచి పడవ వస్తే మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, తట్టలు అందుకుని, అమ్ముకొస్తాం. చెక్క మీద మాత్రం కాలు పెట్టం. ఆడకాలు పడితే గంగమ్మ అలుగుతుందని, వల ఖాళీగా వస్తుందని మా ముత్తాతల నాటి కట్టుబాటు. మా అమ్మ పెట్టలేదు, నేను పెట్టలేదు. పెడితే ఏమవుతుందోనని అందరికంటే ఎక్కువ భయపడింది నేనే.

"పులుసు పొయ్యి మీదుంది మామా," అన్నాను.

"దించేసి దిగు."

మధ్యాన్నం మూడయ్యేసరికి నలభై ఒక్క ఇళ్ళలోని ఆడవాళ్ళందరూ చాపలూ, చెంబులూ పట్టుకుని తుఫాను షెల్టర్ మేడ మీదికి చేరారు. మగవాళ్ళు ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ఎటు చూసినా గుమ్మాల్లో మగాళ్ళు బియ్యం ఎక్కడుందని కేకలు.

"నలబై ఏళ్ళ నుంచి అడుగుతున్నాను, ఒక్కరోజు నన్ను వంట మానేసి కూచోనివ్వండ్రా అని," అంది గరగమ్మ వదిన కాళ్ళు చాపుకుని. "గవుర్మెంటోళ్ళు తలుసుకుంటే ఎంతసేపు?"

ఆవిడకి నవ్వులాటగానే ఉంది. షెల్టర్‌కి మెట్లు ఇరవై రెండు. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. దొడ్డి కింద ఉంది. కడుపుతో ఉన్న పిల్ల రోజుకి ఎన్నిసార్లు దిగి ఎక్కాలో లెక్క వేస్తే నాకు కళ్ళు తిరిగాయి. అది దిగితే నేను ముందు, ఎక్కితే నేను వెనక, రెండు చేతులూ చాపుకుని.

"అమ్మా, అలా సేతులు సాపుకుని ఎనకాల రాకే," అంది లోవ. "కోడిని పట్టుకోడానికి వత్తున్నట్టుంది."

మర్నాడే వెళ్ళి ఫణికుమార్ గారికి దండం పెట్టాను. కాగితం మీద ఇల్లని రాసెయ్యండి బాబూ, నా పిల్ల నెలలు నిండుతున్న మనిషి అన్నాను. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, "ఆచార వ్యవహారాలు మా శాఖ పరిధిలోకి రావమ్మా. పైగా ఇప్పుడు మీవి పడవలు. పడవలు చేపల శాఖ వారివి," అన్నారు.

చేపల శాఖ వారు పిలవకుండానే సోమవారం వచ్చారు. ఇన్‌స్పెక్టరు జోగినాయుడు గారు చేతిలో రిజిస్టరుతో మా వరస పొడుగునా నడిచారు. పడవకి నాలుగు లైఫ్ జాకెట్లు, ఒక లాంతరు, ఒక ఈల, ఒక మోకు ఉండాలన్నారు. అన్నీ ఆయనే తెచ్చి పంచిపెట్టారు. తరవాత మా ఆయన్ని అడిగారు.

"ఈ పడవకి సరంగు ఎవరు?"

సరంగంటే పడవ నడిపే పెద్ద. మా ఆయన ఛాతీ కొంచెం విప్పుకుని, "నేనేనండి," అన్నాడు.

"పట్టా ఎవరి పేరున ఉంది?"

"మా ఆడాళ్ళ పేరునండి."

"యజమానే సరంగు. ఈ పథకం పడవలకి ప్రత్యేక నిబంధన. తనిఖీ సమయంలో సరంగు పడవలో లేనియెడల సదరు పడవను దిక్కులేని పడవగా పరిగణించి స్వాధీనపరచుకొనబడును."

మా ఆయన ఛాతీ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఎక్కకపోతే పడవ పట్టుకుపోతామంటుంది ప్రభుత్వం. ఎక్కితే వెలివేస్తానంటాడు తాతబ్బాయి మామ. ఇద్దరికీ నేను దండం పెట్టాను. ఇద్దరూ సముద్రం ఒడ్డున చెట్టు లేకపోవడంతో గొడుగు కింద నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి సరంగు ఒక అరచెయ్యి పడవకి ఆనించి ఉంటే పడవలో ఉన్నట్టేనని ఇన్‌స్పెక్టరు గారు, చెయ్యి ఆనితే కాలు పెట్టినట్టు కాదని మామ ఒప్పుకున్నారు.

ఆ తరవాత ప్రతి సోమవారం పది గంటలకి మేం నలభై ఒక్కమందిమీ మెడలో ఈలలు వేసుకుని, ఇసకలో నిలబడి, ఎవరి గోడకి వాళ్ళం అరచెయ్యి ఆనించేవాళ్ళం. జోగినాయుడు గారు హాజరు వేసుకునేవారు. తెలియని వాళ్ళు చూస్తే ఇళ్ళు పడిపోకుండా ఆడవాళ్ళందరూ పట్టుకుని ఆపుతున్నారనుకుంటారు.

సరంగులకి మూడు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. దిక్కులు, జెండాలు, ఈల ఎన్నిసార్లు ఊదితే ఏమర్థమో చెప్పారు. ఆఖరి రోజు కాలవలో ఈత పరీక్ష. ఏ కాలవకి భయపడి చదువు మానేశానో అదే కాలవ. దూకాను. మునిగాను. గరగమ్మ వదిన జుట్టు పట్టుకుని పైకి లాగింది. జోగినాయుడు గారు రిజిస్టరు చూసుకుంటూ, "మునిగారు సరే, తేలారా లేదా?" అని అడిగి, తేలారని అందరూ చెబితే పాస్ చేశారు. సరంగు, రెండో తరగతి అని నా ఫొటో అంటించి కాగితం ఇచ్చారు. నా జన్మలో నేను పాసైన పై చదువు అదొక్కటే.

ఏప్రిల్ సగానికి వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ ఇంజను పడవలు సముద్రం మీదికి వెళ్ళకూడదు. ఏటా ఉన్నదే. వెళ్ళకుండా ఈసారి ఇంజన్లకి సీలు వేస్తామన్నారు. అసలు పడవలకి వేశాక, జోగినాయుడు గారు మా వరసకి వచ్చారు. నేను గోడకి చెయ్యి ఆనించి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన మంచం కింద చూశారు, బీరువా వెనక చూశారు, వంటగదిలో ఆగారు.

"ఈ పడవలో ఇంధనంతో పనిచేసేది ఇదొక్కటేనా?"

"అది పొయ్యండి," అన్నాడు మా ఆయన.

"ఇంధనం ఉందా?"

"గ్యాసండి."

"మంట వస్తుందా?"

"వత్తాదండి. వంటకండి. దాంతోటి పడవ కదల్దండి."

"కదులుతుందో కదలదో నిర్ధారించడానికి సాంకేతిక కమిటీ వేయాలి. కమిటీ నివేదిక వచ్చేవరకు ముందుజాగ్రత్త చర్యగా," అని ఆయన మా పొయ్యికి తాడు చుట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దారు. లక్క కరిగించడానికి ఆ పొయ్యే వెలిగించారు.

నలభై ఒక్క పొయ్యిలకి సీలు పడింది. మేం అప్పటికే షెల్టర్ కింద రాళ్ళు పేర్చి, సరుగుడు పుల్లలతో వండుకుంటున్నాం. ఆ పూట నుంచి మగవాళ్ళు కంచాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మొదటిరోజు పిల్లలకి ఏమైనా కావాలేమో అడగడానికి వచ్చామన్నారు. మూడో రోజున అడగడం మానేసి వరసలో కూచున్నారు. తాతబ్బాయి మామ నాలుగో రోజున అందరి తరవాత వచ్చాడు.

"సేపలు గుడ్లెట్టే రోజుల్లో మగాళ్ళు ఎండిపోవాలని కూడా ముత్తాతలు సెప్పేరా బాబాయ్?" అంది గరగమ్మ వదిన అన్నం వడ్డిస్తూ.

"పులుసు పొయ్యవే ముందు," అన్నాడు మామ.

ఇంతలో లోవకి రోజులు నిండాయి. ఆసుపత్రి పదకొండు కిలోమీటర్లు. దారి ఒక్కటే, సముద్రం పక్కనే పోయే రోడ్డు. ఆటో పంక్చరైతే, రోడ్డు తెగితే, డాక్టరమ్మ సెలవు పెడితే అని ఒక్కొక్కటీ తలుచుకుని సంచీ సర్దాను. ముందు రోజే ఆసుపత్రిలో పడుకోబెడతానని వెళితే, నొప్పులు రాకుండా మంచం ఇవ్వమని పంపేశారు.

అమావాస్య పోటు పగలు పదకొండు గంటలకి వచ్చింది. అంత పోటు నేను చూడలేదు. అలలు రోడ్డు దాటి, అటు ఒకచోట, ఇటు ఒకచోట తెంపేసి, మా దిబ్బ చుట్టూ తిరిగాయి. షెల్టర్ మేడ మీంచి చూస్తున్నాం. అప్పుడు జరిగింది. నలభై ఒక్క ఇళ్ళూ, పొదిగిన కోళ్ళు ఒళ్ళు విదిల్చుకుని లేచినట్టు, ఒకదాని వెంట ఒకటి మెల్లగా పైకి లేచాయి. కిర్రుమన్నాయి గాని ఒక్కటీ ఒరగలేదు. నివేదిత మేడమ్ గారు అబద్ధం చెప్పలేదు.

"అమ్మా," అంది లోవ నా వెనక నుంచి. తిరిగి చూస్తే గోడ పట్టుకుని నిలబడి ఉంది. మొహం చూడగానే తెలిసిపోయింది.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. గర్భిణి కార్డు నంబరు చెప్పమంది. చెప్పాను.

"మేడమ్, మీ చిరునామా పడవగా చూపిస్తోంది. మేము రోడ్డు మీద మాత్రమే వస్తాము. మిమ్మల్ని సముద్ర రక్షణ వారికి కలుపుతున్నాను. వేచి ఉన్నందుకు ధన్యవాదాలు."

సముద్ర రక్షణ ఆఫీసరు గొంతు గంభీరంగా ఉంది. "మీ పడవ ఒడ్డుకి ఎంత దూరంలో ఉంది?"

"ఒడ్డు మీదే ఉంది బాబూ."

"ఒడ్డు మీద ఉంటే మునగదు కదమ్మా?"

"మునగలేదండి. తేలింది."

"తేలుతున్న పడవకి ప్రమాదం ఏమిటి?"

"కాన్పండి."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అరగంట తిరక్కుండా నారింజ రంగు రబ్బరు పడవ వేసుకుని వచ్చేశారు. మా వరస పక్కన లంగరు వేసి, ఆఫీసరు గారు మైకులో చెప్పారు. పడవలోంచి పడవలోకి మనిషిని బదిలీ చేయడం తమ పని. భవనంలోంచి చేయడం అగ్నిమాపక శాఖ వారి పని. షెల్టర్ భవనం. కనుక రోగిని ముందుగా ఆమె పడవలోకి చేర్చవలెను.

లోవని కుర్చీలో కూచోబెట్టి మా ఆయనా, ఇంకో ముగ్గురూ మెట్ల మీంచి దింపారు. మోకాలి లోతు నీళ్ళు. గరగమ్మ వదిన పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఊళ్ళో సగం కాన్పులు చూసిన చెయ్యి అది. "ఎక్కువసేపు లేదు కాసులూ," అంది నా చెవిలో. పదిహేడో నంబరు గుమ్మానికి అడ్డంగా, లైఫ్ జాకెట్టు వేసుకుని తాతబ్బాయి మామ కూచుని ఉన్నాడు.

"మోసుకొత్తున్నాం మామా. దాని కాలు పడదు," అన్నాను.

"ఇంటికైతే తెలీదు. పడవకి తెలుస్తాదమ్మీ," అన్నాడు. కోపంగా అనలేదు. ఆయనకీ కళ్ళలో నీళ్ళున్నాయి. "రేపు ఏ పిల్లోడు సముద్రం మీంచి రాకపోతే ఎవుడు జవాబు సెప్తాడు?"

నాకు భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. గంగమ్మ అలుగుతుందని భయం. కుర్చీ కాలు విరుగుతుందని భయం. అల పెద్దదొస్తుందని భయం. బిడ్డ అడ్డం తిరిగిందని భయం. అన్ని భయాలూ ఒక్కసారే మీద పడేసరికి, ఇంక మామకి భయపడడానికి నాలో చోటు లేకపోయింది.

"మామా, నీళ్ళ మీద ఎవరి మాట సెల్లుద్ది?"

"అదేం ప్రశ్న? సరంగు మాట."

"పడవ కట్టించినోడు ఎక్కితేనో?"

"ఎవుడెక్కినా సరే. నీళ్ళ మీద సరంగు మాటే మాట."

"కులపెద్ద ఎక్కితేనో?"

మామ కింద కదులుతున్న నీళ్ళ వైపు చూశాడు.

"ఇది పడవన్నది నువ్వే. సూడు, తేలతంది. దీనికి సరంగుని నేను. కాగితం ఉంది. నా కూతుర్ని ఎక్కిత్తున్నాను. నువ్వు జరుగు."

యాభై ఏళ్ళు పడవ మీద బతికిన మనిషి ఆయన. కుర్రతనంలో సరంగు మాట విన్నాడు, తరవాత సరంగై వినిపించుకున్నాడు. ఆ కట్టుబాటు కూడా ముత్తాతలదే. నా మొహం చూశాడు, మెడలో ఈల చూశాడు.

"మరి ఈల ఊదవేటి?" అన్నాడు. "సరంగు ఊదకుండా ఎవుడూ కదలకూడదు."

ఊదాను. మొదటిసారి ఉమ్మే వచ్చింది. రెండోసారి మోగింది. మామ లేచి, ఇటు వంగి, రెండు చేతులూ లోవకి అందించాడు. "మోకు అట్టుకోండ్రా, సూత్తారేటి," అని మగాళ్ళని గదమాయించాడు.

రక్షణ ఆఫీసరు గారు మా అరుగు దగ్గర నిలబడి ఫారం తీశారు. పడవ పేరు, బయల్దేరిన రేవు, చేరవలసిన రేవు. ఒక్కొక్కటీ మా ఆయన చెబుతున్నాడు. సరుకు వివరములు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి లోపల బిడ్డ కేర్‌మంది. ఆడపిల్ల.

ఆఫీసరు గారు సంతోషించారు. తరవాత రాతలో పడి, పడవలో మనుషులు పెరిగారు, లైఫ్ జాకెట్టు ఎవరికి తక్కువైందో చెప్పండి అన్నారు. మామ తన ఒంటి మీది జాకెట్టు తీసి బిడ్డ పక్కన పెట్టాడు. బిడ్డ కంటే అది నాలుగింతలు ఉంది. తల్లినీ పిల్లనీ నారింజ పడవలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, అన్నీ బాగున్నాయని చెప్పి, మూడో రోజున పంపించారు. నేరుగా పుట్టింటికి తెచ్చాను. పదిహేడో నంబరుకి.

అప్పటికే ఆడవాళ్ళందరూ ఇళ్ళకి దిగిపోయారు. సరంగు రమ్మంటే ఎవరైనా ఎక్కొచ్చని మామ చెప్పాడు. నలభై ఒక్క సరంగులూ ఎవర్ని వాళ్ళు రమ్మనుకున్నారు. పొయ్యిల సీళ్ళు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలీదు. ఉప్పుగాలికి లక్క నిలవదని మా ఆయన రాసిచ్చాడు.

బిడ్డ పుట్టిన ఆరో రోజున ఫణికుమార్ గారు టేపు పట్టుకున్న ముగ్గురు మనుషులతో వచ్చారు. తాతబ్బాయి మామ మా ఇంటి ముందు ఇసకలో కూచుని వల అల్లుతున్నాడు. నేను కిటికీ దగ్గర బిడ్డని పడుకోబెట్టుకుని ఉన్నాను.

"కాసులమ్మ గారూ, శుభవార్త విన్నాం," అన్నారు. "అయితే ఒక చిక్కు వచ్చింది. కాన్పు అనేది నివాసంలోనో ఆసుపత్రిలోనో జరుగుతుంది. పడవకి ఆ గడి లేదు. ఇక్కడ జరిగింది గనుక ఇది నివాసమని తీర పరిరక్షణ కమిటీ వారు అంటున్నారు. నివాసమైతే నలభై ఒకటీ తొలగించాలి. లోపలి కొలతలు తీసుకుని నివేదిక పంపితే చాలు. మీకేమీ తేడా ఉండదు."

బిడ్డని గుండెలకి హత్తుకున్నాను. ఆయన మెట్టు మీద కాలు పెట్టబోయారు.

"పురుడు బాబూ," అన్నాడు మామ వల్లోంచి తలెత్తకుండా. "బయటోళ్ళు ఎక్కకూడదు."

"ఆచార వ్యవహారాలు మా శాఖ పరిధిలోకి రావండీ."

"అందుకే మా పరిధిలో ఉన్నాయి."

వరస పొడుగునా గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. గరగమ్మ వదిన చీపురు పట్టుకుని వచ్చింది. ఫణికుమార్ గారు కాలు వెనక్కి తీసి, ఫైలు తెరిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. తనిఖీ వాయిదాకి కారణములు అని ఫైల్లో ఒక గడి ఉంది. గడి ఉంటే ఆయన నింపుతారు.

"కారణం, పురుడు," అని రాసుకుని, "ఎన్ని రోజులండీ మీలో?" అని అడిగారు.

మాలో పదకొండు రోజులు. ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. మామ వల పక్కన పెట్టాడు. నా కిటికీ వైపు చూశాడు. తరవాత సముద్రం వైపు చూశాడు.

"సముద్రం ఎనక్కెళ్ళేదాకా," అన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. ఫణికుమార్ గారు రాసుకున్నారు. రాసింది పైకి చదివి సరిచూసుకున్నారు: "స్థానిక ఆచారము ననుసరించి, సదరు సముద్రము వెనుకకు మరలిన పిమ్మట తనిఖీ చేపట్టవచ్చును." సంతకం పెట్టారు. మామ చేత వేలిముద్ర వేయించుకున్నారు. ముగ్గురు మనుషులూ టేపు చుట్టుకున్నారు.

ఆ ఫైలు ఇప్పటికీ అలాగే ఉంది. మనవరాలికి బోర్లా పడడం వచ్చింది. నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. రోజూ తెల్లారగానే కిటికీలోంచి సముద్రం ఎక్కడుందో చూస్తాను. నిన్న రెండడుగులు వెనక్కి ఉంది. ఎవరికీ చెప్పలేదు.